నా చెవి సంగతి ఎవరు చెప్పిన్రు?

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. తాయెత్తు కట్టుకున్నోళ్లను ఎక్కిరిచ్చేదాన్ని. ఇప్పుడు గూడ నమ్ముతున్న అని అనను. జరిగింది చెప్త, అంతే.

మాది జక్రాన్‌పల్లి దిక్కు. పోయిన యాసంగిల కల్లంల పసుపు ఉడకబెడుతున్నం. కట్టెలు సరిపోలేదని మా ఆయన కోపంతోని కూలోళ్ల ముంగటనే నా ఎడమ చెంప మీద కొట్టిండు. చెవుల గుయ్యిమన్నది. ఆడోళ్లందరు చూడనట్టే తలలు వంచుకున్నరు. దెబ్బకంటె నాకు గదే ఎక్కువ మండింది.

తెల్లారి దిండు మీద రక్తం మరక. ఆ చెవికి ఏం ఇనవడ్తలేదు. పక్కింటక్క ఎల్లిపాయ నూనె కాచి పొయ్యమన్నది గని, భయమై పొయ్యలే. ఒక్కదాన్నే ఆటో ఎక్కి సర్కారు దవాఖానకు పోయిన.

డాక్టరమ్మ లైటున్న చిన్న గొట్టం పెట్టి చెవిల చూసింది. వెనుక నిలబడి గుసగుసగ అంకెలు చెప్పి, ఇనవడ్డయా అని అడిగింది. ఏమైందని అడిగితే, పిన్నీసుతోని గోక్కున్న అని చెప్పిన.

ఆమె మెల్లగ అన్నది: "మీ అత్తమ్మ బయట సిస్టర్‌కు చెప్పిందమ్మా. నా కొడుకే కొట్టిండు, అది సిగ్గుకు చెప్పదు, మీరే అడగున్రి అన్నదట."

మా అత్త చచ్చిపోయి ఏండ్లైతుంది.

బయటికి ఉరికిన. బెంచీ మీద ఎవ్వరు లేరు. సిస్టర్‌ను అడిగితే, "సన్నగ ఉన్నది, చేతుల నిండ పచ్చబొట్లు. కుడి దిక్కుకెళ్లి మాట్లాడు బిడ్డా, ఎడమ చెవి ఇనరాదు అన్నది" అని చెప్పింది.

మా అత్తకు ఎడమ చెవి ఇనరాకపోయేది. చిన్నప్పుడు జరమొచ్చి పోయిందనేది. నిజంగ జరమేనా అని నేనెన్నడు అడగలే.

లోపలికి పోయి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చిన.

"చెవి లోపలి పరదకు చిల్లు పడ్డది, చాలమట్టుకు అదే పూడుకుంటది" అన్నది. చెవిల నీళ్లు పోనియ్యొద్దు, నూనె, చుక్కల మందు వెయ్యొద్దు, ముక్కు గట్టిగ చీదొద్దు అన్నది. చీము కారినా, జరమొచ్చినా, తల తిరిగినా వెంటనే రమ్మన్నది. పూడకపోతే నిజామాబాద్‌ల చెవి డాక్టరు దగ్గరికి పంపుత అన్నది. దవాఖాన నుంచే మా అన్నకు ఫోన్ చేసి, మా తల్లిగారూరు మోస్రాకు పోయిన.

చిల్లు పూడుకున్నది. మా ఆయన తోలుకపోను వస్తే, సిస్టర్ చెప్పిందంత చెప్పిన. "అమ్మ ఇంకేమన్న చెప్పిందా?" అన్నడు. నేను ఆయన ఎంట పోలే.

ఎవరో మీ ఊరి ముసలమ్మనే అయ్యుంటదని మా అన్న అంటడు. అసొంటి ముసలమ్మ మా ఊళ్ల ఇంకొకామె లేదు. భయం కాదు నాకు, సిగ్గు. నా నోటికి రాని మాట ఆమె వచ్చి చెప్పాల్సొచ్చింది. వచ్చింది ఆమేనా అంటే, ఇప్పటికీ నాకు తెల్వది.