నీళ్ళు తాగే నోరు

పక్కింటి అంకుల్ మంగళవారం ఉదయం పోయారు. నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆంటీ కంచె దగ్గరకొచ్చి, "బాబూ, మీ అంకుల్ లేవట్లేదు" అన్నారు. వెళ్ళి చూసేసరికి చెయ్యి చల్లబడింది. నిద్రలోనే గుండె ఆగిందట. సిడ్నీలో మా పేట టూంగాబీలో ఆయన్ని తెలిసినవాళ్ళంతా మంచి చావు అంటున్నారు. నాకు మాత్రం ఆయన మీద కోపం ఇంకా తీరలేదు. ఇప్పుడు ఎవరితో పోట్లాడాలి?

ఆయనది ఫిజీ. తాతగారు విశాఖ వైపు నుంచి చెరకు తోటలకి వెళ్ళారు. ఈయన తెలుగు ఆ తాత దగ్గర నేర్చుకున్నదే. ఫిజీలో గొడవల తర్వాత సిడ్నీ వచ్చి లారీ నడిపారు. నేను పుస్తకాలు చూసి సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని 2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని భయపడ్డ రోజుల్లో ఆ వైటూకే పని మీద వచ్చినవాణ్ణి. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు, మాకే పని తగ్గింది. సెలవురోజుల్లో ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

"నీకు మాటల్లేవు కదా, వేటకి పనికొస్తావు. యూట్ ఎక్కు," అన్నారు ఒక ఆదివారం, వెనక తొట్టి ఉన్న తన బండి చూపించి.

గుల్బర్న్ ఊరు దాటాక ఒక గొర్రెల రైతు పొలం. జింకలు ఓట్స్ పైరు మేసేస్తున్నాయని ఆ రైతు అంకుల్‌కి వేటాడుకోమని అనుమతిచ్చాడు. తుపాకీ ఆయన చేతిలో, బైనాక్యులర్స్ నా మెడలో. పొలంలో తవ్విన కుంటని ఇక్కడ డ్యామ్ అంటారు. ఆ ఏడు వానల్లేక మిగతా డ్యాములన్నీ బురదై, ఒక్కదానిలోనే నీళ్ళున్నాయి. ఆ గట్టు వెనకే నక్కి కూర్చుందామన్నాను.

"డ్యామ్ దగ్గర కాదు బాబూ, డ్యామ్‌కొచ్చే దారిలో."

ఎండిన రోజుల్లో జింకలు పగలంతా పొదల్లో పడుకుని, పొద్దు వాలుతుంటే నీళ్ళకి దిగుతాయి. ముందు గాలి వాసన చూస్తాయి, తర్వాతే అడుగేస్తాయి. మేత పచ్చిగా ఉంటే అందులో తడే వాటికి చాలావరకు సరిపోతుంది. వాన పడితే ప్రతి గుంటా డ్యామే, ఎక్కడ కాపు కాసినా ఒకటే. "కరువులోనే వాటి దారి మనకి తెలిసేది," అనేవారు. గాలి ఎటుందో చూడటానికి జేబులో మైదాపిండి పొట్లం ఉండేది. చిటికెడు తీసి వదిలి, అది తేలిపోయే వైపు చూసేవారు. "నా రొట్టెల పిండంతా ఆ అడవిలో పోసి రా, రాత్రికి గాలి తిందువుగాని!" అని ఆంటీ గుమ్మంలోంచి అరిచేవారు.

ఆయనకి ఇంకో నియమం ఉండేది. తాగే నోటిని కొట్టకూడదు.

రోజూ పద్దు రాసుకునే అలవాటు నాది. ఆ చలికాలపు ఆదివారాల కింద పెట్రోలు తప్ప ఇంకేమీ లేదు, ఒక్క జింకా పడలేదు. ఒకరోజు రైతు గేటు దగ్గర ఆపాడు. ఇక్కడ మిత్రుణ్ణీ, పరాయివాణ్ణీ మైట్ అనే పిలుస్తారు. "చూడు మైట్, స్ప్రింగ్‌లోగా మంద తగ్గకపోతే ఇక్కడి వేట వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. నాకు ఓట్స్ కావాలి, నీ పిండి కాదు."

తిరుగుదారిలో అంకుల్ తమ పాత నేల సంగతి ఎత్తారు. ఫిజీలో మూడు తరాలు చెరకు వేసిన నేల, లీజు ముగిసి ఆ మధ్యే పోయింది. "నా కాళ్ళకి తెలిసిన నేల మళ్ళీ ఇదొక్కటే దొరికింది," అన్నారు. "ఇదీ పోతే నేనెక్కడ నడవాలి?"

అలా అన్న మనిషే తర్వాతి వారం ఏం చేశారో చూడండి. మేం ఎప్పటి దారిలోనే కూర్చున్నాం. జింకలు ఆ దారిన రాలేదు. గాలి మారడంతో వెనక వాగులోంచి తిన్నగా డ్యామ్‌కి దిగాయి. బైనాక్యులర్స్ అక్కర్లేనంత దగ్గర. వరసగా నిలబడి తలలు వంచాయి. ఆయన తుపాకీ ఎత్తారు, భుజానికి ఆనించారు, ఆగిపోయారు.

"కొట్టండి అంకుల్."

"తాగనీ."

"తాగాక పోతాయి!"

"పోనీ."

మా వాసన తగిలిందేమో, ఒకటి తల ఎత్తింది. మరుక్షణం గట్టు ఖాళీ.

యూట్‌లో నేను ఊరుకోలేదు. ఆయన నవ్వారు. "పొద్దుట్నించీ మూడు మాటలన్నావు, ఇప్పుడు లాయరయ్యావా?"

"పొలం పోతుంది."

"తెలుసు."

"మరి ఇది ధర్మమా, ఉపాయమా?"

"నీళ్ళ దగ్గర కొడితే ఆ మంద ఇంక వెలుతురులో నీళ్ళకి రాదు. తాత ధర్మమనీ చెప్పాడు, ఉపాయమనీ చెప్పాడు. ఏది ముందో గుర్తులేదు. వచ్చే వారం వాగు వైపు కూర్చుందాం."

వచ్చే వారం వాన. ఆ పై వారమూ వానే. రైతు తడుస్తూ సంతోషంగా చెయ్యి ఊపాడు. ప్రతి గుంటా నిండింది, డ్యామ్ గట్టు మీద ఒక్క డెక్క గుర్తు లేదు. స్ప్రింగ్‌లో రైతు ఫోన్ చేసి, వేట వేరేవాళ్ళకి ఇచ్చేశానన్నాడు. అంకుల్ "ఫేర్ ఎనఫ్, మైట్" అని పెట్టేశారు. తుపాకీ తుడిచి బీరువాలో పెట్టి తాళం వేశారు. మళ్ళీ తియ్యలేదు. ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన సూపర్‌మార్కెట్లో ఆంటీ వెనక ట్రాలీ తోస్తూ, ఎటు తిప్పాలో తెలియక నిలబడి కనబడేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క తూటా, అంకుల్. ఒక్కటి.

కర్మకాండ అయ్యాక రైతుకి ఫోన్ చేశాను. అంకుల్ పోయారని చెప్పాను. "ఒకసారి రా," అన్నాడు.

వెళ్తే డ్యామ్ దాకా నడిచి వచ్చాడు. కొత్త వేటగాళ్ళు మొదటి ఎండల్లో ఆ గట్టు మీదే కాపు కాసి బోలెడు కొట్టారట. ఆ తర్వాత పగటిపూట ఒక్కటీ కనబడలేదట. ఓట్స్ మాత్రం పోతూనే ఉన్నాయట. "మీ వాడు నాకు చెప్పాల్సింది," అన్నాడు. నాకు చెప్పారు అనబోయి మానేశాను. నేను మాత్రం విన్నానా? ఆయన మాటే నిజమైందని చెబుదామంటే ఆయన లేరు. నిజమై ఎవరికేం ఒరిగింది?

రైతు వెళ్ళిపోయాక ఎగువన, దారి పక్కన కూర్చున్నాను. సూర్యుడు దిగాడు, ఏదీ రాలేదు. గట్టు కనబడటం మానేసింది. నా చెయ్యే నాకు కనబడని చీకటయ్యాక, కింద నీళ్ళలో ఒక అడుగు పడింది. తర్వాత ఇంకొకటి. ఎన్ని వచ్చాయో తెలియదు. నీళ్ళు పీల్చే చప్పుడు మాత్రం చాలాసేపు వినబడింది.