ఎజీదియో పళ్ళు, ఓర్సోలా నోరు

ఎజీదియో కట్టుడు పళ్ళని ట్రౌట్ చేప లాక్కుపోయిందని ప్రీమో బారులో చెప్పుకుంటున్నదంతా అబద్ధం. వాళ్ళ మాటల్లో ఆ చేప వారానికో కిలో పెరుగుతోంది కూడా. ఆ పళ్ళు ఇవాళ పొద్దున కూడా ఆయన మంచం పక్కన గ్లాసులో ఉన్నాయి, నా కళ్ళతో చూశాను. నేను ఆ అక్కాతమ్ముళ్ళ పక్కింటి తెక్లాని. నేను బట్టలుతికే రాయికీ వాళ్ళు పడవ కట్టే గుంజకీ నాలుగడుగుల దూరం. జరిగింది నన్ను చెప్పనివ్వండి.

ఎజీదియో నలభై ఏళ్ళు రాతి గనిలో సుత్తి పట్టిన మనిషి. వేళ్ళు మొద్దుబారిపోయాయి, కాగే గిన్నె పట్టుకున్నా చుర్రుమనదు. అయినా మా ఒడ్డున ఆయన పట్టినన్ని ట్రౌట్లు ఇంకెవరూ పట్టలేదు. ఎలాగంటారా? పళ్ళతో!

మా కోమో సరస్సులో ఈ చేప బాగా లోతున తిరుగుతుంది. దానికోసం చేత్తో తిప్పే రాట్నానికి రాగి తీగ చుట్టి, కొసన ఇత్తడి రేకుని చెంచాలా కొట్టి, గాలం తగిలిస్తాం. తెడ్లు మెల్లగా వేస్తూ పోతుంటే ఆ చెంచా పడవ వెనకాలే, చేపపిల్ల ఈదుతున్నట్టు మెలికలు తిరుగుతూ వస్తుంది. ఒంటరిగా వెళ్ళేవాడికి రెండు చేతులూ తెడ్లకే సరి. అందుకని కొందరు తీగకి దారం కట్టి మోకాలికి చుట్టుకుంటారు. ఎజీదియో ఆ దారాన్ని పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. చెంచా సరిగ్గా తిరుగుతుంటే దవడలో సన్నటి రొద. నాచు పట్టుకుంటే రొద ఆగిపోతుంది. చేప ముట్టుకుంటే, "చెవి వెనక ఎవరో గోరుతో గీకినట్టుంటుంది తెక్లా" అనేవాడు నాతో.

మొన్న చలికాలం చిగుళ్ళు చెడి ఆ పళ్ళన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. అక్క ఓర్సోలా వెంటపడి కట్టుడు పళ్ళు పెట్టించింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్క పన్ను ఊడలేదు, అక్రోటుకాయలు కొరికి పగలగొడుతుంది. ఇక ఆ నోరంటారా, నిద్రలో కూడా ఆగదు. మా మధ్య గోడ పల్చన, నాకు తెలుసు.

కొత్త పళ్ళతో ఎజీదియో మూడు వారాలు తిరిగాడు. ఒక్క చేపా లేదు. ఓ రోజైతే రెండు గంటలపాటు నాచుముద్దని ఊరేగించి తీసుకొచ్చాడు.

"ఏం వినపడట్లేదు తెక్లా. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టుంది" అన్నాడు, పడవ కడుతూ.

ఆ సాయంత్రం ఓర్సోలా తేల్చేసింది. "ఒరేయ్, రోజూ వట్టి చేతులతో వచ్చి గోడకేసి తిరిగి పడుకుంటున్నావు. మొక్కజొన్న పొలెంతా ముద్ద కూడా ముట్టట్లేదు. సాన్ జుసెప్పె పండగలోపు ఒక్క చేప తెచ్చావా సరే. లేదా, పడవ ఒడ్డుకి లాగించి అందులో పూలమొక్కలు వేస్తా."

"నన్ను కూడా అందులోనే పాతెయ్ అక్కా."

"నీకు నీళ్ళెవరు పోస్తార్రా?"

పండగ ముందురోజు పొద్దున ఎజీదియో పడవెక్కి కూచున్నాడు, తెడ్లు మాత్రం వెయ్యడు. ఇంటివైపు తిరిగి, "అక్కా, ఓసారి ఇలా రా. నీ పళ్ళు కావాలి" అన్నాడు.

"ఏవిటీ?"

"దారం నువ్వు పట్టుకో. నేను తెడ్లేస్తా. రొద ఆగితే ఎడం చెయ్యెత్తు. చెవి వెనక గీకినట్టయితే కుడి చెయ్యి. కానీ నోరు తెరవకూడదు."

నేను ఉతుకుతున్న దుప్పటి పక్కన పెట్టేశాను. ఓర్సోలా నన్ను చూసింది, తమ్ముణ్ణి చూసింది, పావడా ఎత్తిపట్టుకుని ఎక్కింది.

పడవ నా ఎదురుగా నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఆవిడ కిక్కురుమనలేదు. మధ్యలో రెండుసార్లు ఎడం చెయ్యెత్తింది, తమ్ముడు నాచు దులిపాడు. ఐదోసారి చర్చి మలుపు దగ్గర ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఏ చెయ్యెత్తాలో మర్చిపోయినట్టుంది. నోరు బిగించే ఉంచి, రెండు కాళ్ళతో పడవ అడుగుని దబదబా తన్నింది! ఎజీదియో తెడ్లు వదిలేసి తీగ అందుకున్నాడు. చేప పడవలో పడ్డాక ఆవిడ నోరు తెరిచింది చూడండీ, ఒడ్డు చేరేదాకా మూస్తే ఒట్టు.

దిగుతూనే నా మీద పడింది. "ఏమే తెక్లా, నువ్వేం చూళ్ళేదు."

"ఏం చూళ్ళేదక్కా."

అట్నుంచటే ప్రీమో బారుకెళ్ళి, చేప పళ్ళు లాక్కుపోయిందన్న కథ అల్లింది ఆవిడే. ఎందుకక్కా అంటే, "పళ్ళు పోయాయని నవ్వితే నవ్వనీ. నా తమ్ముడికి చేప తెలీడం లేదని మాత్రం ఎవడూ అనకూడదు" అంది. ఇప్పుడు రోజూ ఇద్దరూ వెళ్తున్నారు. ముసల్ది తమ్ముడికి కాపలాగా పోతోందనుకుంటున్నారు ఊళ్ళోవాళ్ళు.

ఇదంతా బయటపెట్టానని తెలిస్తే ఓర్సోలా నన్ను బతకనివ్వదు. కానీ వారం రోజులుగా ఆవిడ రొట్టెని సూపులో నానబెట్టి, ఒక పక్కనే నములుతోంది. అడిగితే కసురుతోంది. నేనేమో మోకాలు చూపించుకోడానికి నెల్లాళ్ళు లెక్కో పట్నంలో మా చెల్లెలింటికి పోతున్నాను.

కాబట్టి, మీలో ఎవరైనా పొద్దున్నే మా ఒడ్డుకి వస్తే, ఆ పడవ కనిపించగానే కాసేపు నిలబడి చెవి పెట్టండి. చప్పుడు లేకపోతే దారం ఆవిడ పళ్ళ మధ్యే ఉన్నట్టు, మీ దారిన మీరు వెళ్ళండి. నీళ్ళ మీంచి ఓర్సోలా మాటలు వినపడ్డాయా, ఆగి, వాళ్ళు ఒడ్డుకి వచ్చేదాకా ఉండి, ఆవిడ దవడ ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. తిడుతుంది. తిట్టించుకోండి.