లావు తీగల గిటారు

మేస్త్రి పోయాడన్న కబురు నాకు ల్యాంపుల గది కిటికీలోంచి వచ్చింది. రెండో షిఫ్టుకు బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు వరుసగా నిలబడి టోపీ ల్యాంపులు తీసుకుంటున్నారు. ఒకతను చెయ్యి చాపి, చాపినవాడు చాపినట్టే ఆగి, "నీకు ఎర్కనేనా? వర్క్‌షాపు మేస్త్రి పొద్దుగాల పోయిండట. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండట, గంతే" అన్నాడు. అతనికివ్వాల్సిన ల్యాంపు నా చేతిలోనే ఉండిపోయింది. వెనకవాళ్లు "ఏందే, జల్ది కానియ్యి" అని అరిస్తే గానీ నేను కదల్లేదు.

ఏడుపు వచ్చింది, దాచుకోను. కానీ ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయడం నా వల్ల కాదు. మేస్త్రి తలపుకొస్తే నాకు ముందు ఒళ్లంతా హుషారెక్కుతుంది. మా మందమర్రి కాలనీలో అంతవరకూ ఎవరూ కంటితో చూడని వాయిద్యాన్ని తుక్కు సామానుతో చేసి నా చేతిలో పెట్టిన మనిషి మరి! అప్పటికి ఆ చేతికి రెండు వేళ్లు లేవు.

ఆయనది సిరిసిల్ల వైపు నేతపని ఇల్లు. నైజాం పోయిన కొత్తలో మగ్గం వదిలి బొగ్గుబాయి పనికి వచ్చి, కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే పని నేర్చుకున్నాడు. చుట్టేటప్పుడు చుట్లు పైకే లెక్కపెట్టేవాడు. ఆ లెక్క నడుస్తుండగా ఆయనను పలకరించే ధైర్యం ఎవరికీ లేదు. ఇంజనీరు దొర కూడా చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. ఎవరైనా తెలియక "మేస్త్రీ" అని పిలిచారా, చుట్టిందంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలు. కోప్పడేవాడు కాదు. "లెక్క తప్పితే విప్పుడే. దాంట్ల సిగ్గేంది?" అనేవాడు. ఈ మాట నేను వెయ్యిసార్లు విన్నాను. ఒకే ఒక్కసారి అర్థమైంది. అది తర్వాత చెప్తాను.

ఆయన ఇంట్లో ఒక పాత హార్మోనియం ఉండేది. నాటకాలాడే వాళ్ల అన్న నుంచి వచ్చింది. తిత్తికి సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తినగానే అది బయటికి వచ్చేది. ఆయన పాడేవాడు, ఆయన భార్య, మా వదిన, తాళం వేసేది, పక్క క్వార్టరు నుంచి నేను మాండలిన్ పట్టుకుని వెళ్లేవాడిని. ఆయన గొంతు గొప్పదని అనను. కానీ పాడుతున్నంతసేపూ ఆ మనిషికి లోకంతో పని లేనట్టుండేది.

ఒకరోజు బాయిలో రెండు బొగ్గు డబ్బాల మధ్య కొక్కెం తగిలిస్తుంటే నా ఎడమచెయ్యి నలిగింది. చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. నన్ను ల్యాంపుల గదికి మార్చారు. మాండలిన్ మేకుకు వేలాడుతుంటే చూడలేక మా ఆవిడ దాని మీద తువ్వాలు కప్పింది. "శవానికి కప్పినట్టు కప్పినవేందే?" అని ఆమె మీద కేకలేశాను. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది! ఆదివారాలు మేస్త్రి ఇంటికి పోవడం మానేశాను. నలుగురిలో ఉన్నప్పుడు ఎడమచెయ్యి జేబులోంచి తీసేవాడిని కాదు.

ఇట్లా ఏడాది గడిచింది. మేస్త్రి ఏదో మోటారు పని మీద సికింద్రాబాద్ వెళ్లి, తిరిగొచ్చిన రోజున సంచి కూడా దించకుండా నేరుగా మా ఇంట్లోకి వచ్చాడు.

"తమ్మీ, దొరికిందిరా నీ బాజా!"

"ఏం బాజా అన్నా?"

"ఒక హోటల్ల బ్యాండు పోరగాండ్లు పాటలు నేర్సుకుంటుండ్రు. తలుపు తీసే ఉన్నది, ఆడనే నిలవడ్డ. గిటారు అసొంటిదే, మెడ ఇంత పొడుగు. నాలుగే తీగలు, ఒక్కొక్కటి సుతిలి తాడు లెక్క లావు. గబగబ వాయించుడు లేదు. ఒక్కొక్కటే గుంజుతుండు, పాటంత దాని మీదనే నిలవడ్డది. బాస్ గిటార్ అంటరట. ఆని ఎడమచెయ్యి సూసిన తమ్మీ. రెండు వేళ్లతోనే కానిస్తుండు!"

"పరాచికాలు ఆడకు అన్నా" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది.

ఆయన నా కోపాన్ని పట్టించుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా ముందు పరిచాడు. దానికి మూడు ముడులు. ఇక్కడి నుంచి ఇక్కడికి మెడ, ఇక్కడి నుంచి ఇక్కడికి పొట్ట. తలుపు దగ్గర నిలబడి, కంటితో కొలిచి, నేతగాడి ముడులు వేసుకొచ్చాడు! గిటారు పూర్తయ్యేదాకా ఆ తువ్వాలు ఎవరినీ ముట్టనివ్వలేదు. "తిని చెయ్యి తుడుసుకుందమన్నా ఇయ్యడు. నేనేమో కొంగుకు తుడుసుకుంటున్న" అని వదిన వీధంతా చెప్పుకుని నవ్వింది.

అటువంటిది కొనాలంటే నా ఆరు నెలల జీతం కూడా చాలదు. కాబట్టి ఏరుకోవడమే. పొట్టకు పాత క్వార్టరు తలుపు రెక్క, టేకుది. మెడకు సిరిసిల్లలో ఆయన పెద్దన్న మూలన పడేసిన మగ్గం కర్ర, నేసిన బట్ట చుట్టుకునేది. "నలభై ఏండ్లు పడుగు గుంజితే వంగలే, నాలుగు తీగలకు వంగుతదా?" అన్నాడు. మెడ మీద అడ్డంగా దిగగొట్టే మెట్లకు ఇత్తడి వెల్డింగు చువ్వ. తీగలు కూడా ఆయనే చేశాడు. గట్టి ఉక్కు తీగను రెండు కొసలా బిగించి తిప్పుతూ, దాని మీద మోటారు రాగితీగ దగ్గరదగ్గరగా చుట్టాడు. మొదటిది చుట్టు జారి గలగలమంది. విప్పుడే. రెండోదీ అంతే. విప్పుడే. మూడోది పలికింది.

ఇక తీగలు బిగించే బిరడాలు కావాలి. మా ఇంటికి వచ్చి మాండలిన్ మేకు వైపు చూశాడు. నాకు అర్థమైంది. మాండలిన్ మీది తువ్వాలు నేనే తీశాను. బిరడాల మరలు కూడా నేనే విప్పాను. ఆ రోజు నాకు బాధ కలిగి ఉండాలి కదా? లేదండీ! ఏడాది తర్వాత నా రెండు చేతులూ మళ్లీ ఒక పనిలో పడ్డాయి. ఎడమచెయ్యి బయటికి తీశానన్న సంగతి కూడా నాకు గుర్తులేదు.

అసలు పరేషాను రాగిచుట్ట దగ్గర మొదలైంది. తీగ కదలికను పట్టుకుని, శబ్దాన్ని పెంచే రేడియోకు అందించాలంటే, అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొన్ని వేల చుట్లు చుట్టాలి. అయస్కాంతం సైకిల్ డైనమోలో దొరికింది. సన్నతీగ మంచిర్యాల రేడియో షాపాయన పాత సెట్టులోంచి తీసిచ్చాడు. మేస్త్రి తన మోటారు ధీమాతో మొదటిసారి గట్టిగా లాగి చుట్టాడు, తెగింది. మెల్లగా చుట్టాడు, తెగింది. వరుసగా నాలుగు రోజులు తెగింది. కొత్తగా చేరినవాడిలాగా తల పట్టుకుని కూర్చున్నాడు.

వదిన బియ్యం ఏరుతూ ఇదంతా చూస్తోంది. చాట పక్కన పెట్టి లేచింది. "అది మోటరా, అట్ల గుంజుతవు? పట్టునూలు అనుకో" అంటూ అటక మీది నుంచి రాట్నం దింపింది. పెళ్లికి ముందు పుట్టింట్లో కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. రాట్నం తిప్పుతూ, రెండు వేళ్ల మధ్య నుంచి తీగను ఉందా లేదా అన్నట్టు వదిలింది. ఈసారి లెక్క మేస్త్రి పెట్టాడు. ఆ లెక్క సాగుతున్నంతసేపూ వీధిలో ఎవరూ దగ్గలేదు. ఎనిమిది వేల దగ్గర వదిన ఆపి, "సాలు, నాకు వంట ఉన్నది" అంది. తీగ ఒక్కచోట కూడా తెగలేదు. ఆ రోజు మేస్త్రి మొహం చూడాల్సింది! తనే గెలిచినట్టు కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

మెడ మీద మెట్లు ఎక్కడ కొట్టాలో మాకెవరికీ తెలియదు. దానికి ఆయన తన పద్ధతి కనిపెట్టాడు. తీగను హార్మోనియం సాతో కలిపాడు. తర్వాత హార్మోనియం మీద ఒక్కొక్క మెట్టే నొక్కుతుంటే, నేను తీగ కింద ఇత్తడి ముక్క జరుపుతూ పోవాలి. రెండు శబ్దాలూ ఒకటైన చోట గోరుతో గీత. అట్లా పన్నెండు గీతలు గీసి, అక్కడ కోసి చువ్వలు దిగగొట్టాం.

కాలనీ చదువుల గదిలోని రేడియో వెనక గ్రామఫోను తగిలించే రంధ్రాలు ఉంటాయి. మా గిటారు వైరు అందులో పెట్టాం. నేను చెయ్యి వెయ్యబోతే ఆయన నెట్టేశాడు. "ముందు నేను ముడ్త." కరెంటుది ఏదైనా అంతే. ముందు తన చెయ్యి, ఆ తర్వాతే ఇంకొకరిది. ముట్టాడు, ఏమీ కాలేదు. అప్పుడు నాకిచ్చాడు. నేను అడుగుతీగ ఒక్కటి గుంజాను.

అబ్బ! కిటికీ అద్దం జుయ్యిమంది. బెంచీ వణికింది. పేపరు చదువుకుంటున్న ముసలాయన "బాయిల బాంబు పేల్చిండ్రా?" అని లేచి నిలబడ్డాడు. నా కడుపులో ఎవరో చెయ్యి పెట్టి లేపినట్టయింది. మళ్లీ గుంజాను, మళ్లీ, మళ్లీ. మేస్త్రి గదిలో గుండ్రంగా తిరుగుతూ "గదే, గదే, గదే!" అంటున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మూడు నెలలు సాధన చేశాను. రెండు వేళ్లు, బొటనవేలి ఆసరా. చాలు! ఆ ఏడాది కాలనీ దసరా నాటకంలో నేను వాయించాలని నిశ్చయమైంది.

నాటకానికి ముందురోజు పగలు స్టేజీ మీద అందరం కూర్చున్నాం. ఈసారి కరీంనగర్ నుంచి ఒక హార్మోనియం పంతులును, ఆయన కొత్త పెట్టెతో సహా పిలిపించారు. పాట ఎత్తుకున్నాం, బాగా పోతోంది. ఒక్క మధ్యమం దగ్గర మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు రెండు శబ్దాలూ కొట్టుకున్నాయి. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాం. మళ్లీ అక్కడే. పంతులు మంచివాడు. గొంతు తగ్గించి మా నాటకం పెద్దతో, "పాపం, ఆ తమ్మునికి చెయ్యి అందుతలేదు. ఆ ఒక్క స్వరం కాడ తప్పుతుండు. ఇబ్బంది పెట్టుడెందుకు, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

ఆయన తిట్టినా బాగుండేది. అందరూ నా చేతిని చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. నేనూ నమ్మాను. లేని వేళ్లు లేనివే, ఎంత ఆశపడితే మాత్రం ఏమొస్తుంది అనుకున్నాను. గిటారు చాప మీద పెట్టి చెయ్యి జేబులో దోపుకున్నాను.

"జర ఆగుండ్రి" అన్నాడు మేస్త్రి వెనక నుంచి. చాప మీది గిటారు తీసుకుని, నేను నొక్కిన మెట్టే నొక్కి తీగ గుంజాడు. "పంతులూ, మధ్యమం నొక్కు." కొట్టుకున్నాయి. "ఇది నా చెయ్యి. అయిదు వేళ్లున్నయి. ఇప్పుడెందుకు తప్పింది?" ఆయన స్టేజీ దిగి మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి పోయి, హార్మోనియం నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పంతులు పెట్టె పక్కన దింపి, రెండింటి మధ్యమాలూ ఒకేసారి నొక్కాడు.

మేస్త్రి పాత పెట్టెదే తప్పు. ఒక్క ఆ మెట్టు కొంచెం ఎక్కువగా పలుకుతోంది. అదే తప్పు గిటారు మెడ మీదికి ఎక్కింది.

"ఇరవై ఏండ్ల సంది దీని మీదనే పాడిన" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "తప్పు పెట్టెది. దాన్ని నమ్మిన నాది. తమ్ముని చెయ్యిల ఏం తప్పు లేదు. ఇన్నరా? చెయ్యిల ఏం తప్పు లేదు." ఆ మాట రెండోసారి అంటున్నప్పుడు నా వైపే చూశాడు. తన పాటంటే అంత ప్రాణం పెట్టే మనిషి, ఇరవై ఏళ్ల పాట తప్పని నలుగురిలో తనే చెప్పుకోవడం మాటలా? చెప్పి, జేబులోంచి పటకారు తీశాడు. "లెక్క తప్పింది. విప్పుడే."

ఆ చువ్వ పీకేశాడు. ఆఫీసులో కవర్లకు ముద్రవేసే ఎర్ర లక్క తెప్పించి, కరిగించి పాత గాడి పూడ్చాడు. బిరడాల వైపు వడ్లగింజ పొడుగంత జరిపి కొత్త గాడి కోశాడు. మర్నాడు నేను నాటకమంతా వాయించాను. ఎట్లా వాయించానో నన్ను అడగొద్దు, మందమర్రిలో ఎవరినైనా అడగండి!

తర్వాత ఒకసారి "నీ పెట్టెలో ఆ మెట్టు కూడా సరిచేయించు అన్నా" అన్నాను. నవ్వాడు. "అది దిద్దితే ఇగ నా గొంతు తప్పయితది తమ్మీ. అది, నేను ఒక్కతీరుగ తప్పుతం, ఉండనియ్యి." ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయన మధ్యమం మీదికి వచ్చినప్పుడల్లా నేను తీగ ముట్టకుండా ఆగేవాడిని. ఆయనకు తెలుసు. ఆ ఒక్కచోట నా వైపు చూసి కన్ను గీటేవాడు.

మేస్త్రి పోయిన పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లో భజన పెట్టారు. హార్మోనియం ముందు వదిన కూర్చుంది. ఆయన పాడే పాటే ఎత్తుకున్నారు. నేను చదువుల గది రేడియో అడిగి తెచ్చుకుని ఒక పక్కన కూర్చున్నాను. మధ్యమం వచ్చింది, అలవాటుగా ఆగాను. వదిన మెట్టు మీది నుంచి వేలు తియ్యలేదు. తిత్తి ఊపుతూనే నా వైపు తిరిగింది.

"ఆడ ఊకోకు మర్దీ. ఆయన ఒక్కడే ఐతుండు."

పాట మళ్లీ అక్కడికి వచ్చింది. ఈసారి తీగ నొక్కి, రెండు వేళ్లతో పక్కకు నెట్టాను. గిటారు ఒళ్లో మూలిగింది. ఇంకొంచెం నెట్టాను. ఎర్ర లక్క గీత మీదుగా తీగ ఒరిగి, శబ్దం వెంట్రుకవాసి లేచి, ఆయన తప్పుతో కలిసిపోయింది. వదిన ఆ మెట్టును చాలాసేపు వదల్లేదు. నేను కూడా తీగను వదల్లేదు.