ఆగే వేళ్లు, కదిలే వేళ్లు

మా పక్కింటి ఖాలా మొన్న శుక్రవారం తెల్లవారుజామున చనిపోయింది. దగ్గు చాలా కాలంగా ఆమెను వదల్లేదు. సిద్దిపేటలో మా గల్లీలో హిందువులకూ ముస్లింలకూ ఆమె ఖాలాయే, అంటే పిన్ని. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది. అక్షరం రాదు. రాజనీతిశాస్త్రంలో నాకు తెలిసిన కాస్తా ఆమె దగ్గరే తెలిసిందని రాయడం నాకు గర్వంగా ఉంది.

నిరుడు తెలంగాణ సమ్మెలతో మా కాలేజీ మూతపడింది. పరీక్షకు ఒక పాత ఇంగ్లీషు పుస్తకం మిగిలిపోయింది. ప్రభుత్వం మాట మనం ఎందుకు వినాలన్నదే అందులో చర్చ. కాన్వెంటు చదువు కనుక వాక్యాలు గడగడా చదివేదాన్ని. అర్థం మాత్రం తలకెక్కేది కాదు. ఒకరోజు గోడ అవతలి నుంచి ఖాలా పిలిచింది.

"ఏం గొణుగుతున్నవ్ బేటీ? గీడికొచ్చి చదువు. నా చేతులకే పని, చెవులు ఖాలీగున్నయి."

"ఇంగ్లీషుది ఖాలా."

"అయితే తెలుగుల చెప్పు. చెప్పరాలేదంటే నీకు సుత రానట్టే."

ఆ రోజు నుంచి ఆమె గడపే నా తరగతి. ఆమె ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. నేను చెప్పింది అర్థం కాకపోతే ఆమె వేళ్లు ఆగిపోయేవి. ఆ వాక్యం మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

వెనకటికి జనమంతా కూడి, ఒప్పుకుని, తమను పాలించే అధికారాన్ని అప్పజెప్పారని పుస్తకం అంటుంది. అక్కడ వేళ్లు ఆగాయి.

"గా దినం నన్నెవలు పిలిచిన్రు?"

"నిజంగ పిలిచినట్టు కాదు ఖాలా. అట్ల అనుకోవాలె."

"అనుకునేటోడు బుక్కు రాసినాయన, ఒప్పుకున్నదాన్ని నేనా? మంచిగున్నది! నా నిఖాల ఖాజీ సాబ్ సుత ఒప్పుకుంటవా అని మూడుసార్లు అడిగిండు."

పరీక్షలో ఆ మాటే రాశాను. ఇది ఏ పుస్తకంలోదని సార్ అడిగారు. "మా పక్కింటి ఖాలాది సార్" అన్నాను.

నలుగురిలో నేను నోరు విప్పలేనని ఆమెకు తెలుసు. అయినా, తెలంగాణ కోసం రోజుకొకరు వంతులవారీగా చేస్తున్న నిరాహార దీక్షలో బీడీ కార్మికుల వంతు వచ్చిన రోజు నన్ను వెంట తీసుకుపోయింది. ఉపవాసం ఉంటూనే ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మైకు ఖాలాకు ఇచ్చారు. ఆమె నాకిచ్చింది.

"నాతోని కాదు ఖాలా."

"గడపల చెప్పినట్టే చెప్పు. జనాన్ని చూడకు, నా చేతులు చూడు."

చూశాను. ఆంధ్రతో కలిపిన నాడు మమ్మల్ని ఎవరడిగారు, ఇప్పుడైనా అడగరా అన్నాను. ఆమె వేళ్లు ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్న దీక్షలో మళ్లీ బీడీ కార్మికుల వంతు. ఈసారి నన్నెవరూ తీసుకుపోలేదు, నేనే పుస్తకం పట్టుకుని వెళ్లాను. తెరవగానే పుటల మధ్య నుంచి తంబాకు పొడి రాలింది. ముందు వరసలో ఒకామె తుమ్మి, "ఖాలా వచ్చింది" అంది. అందరూ నవ్వారు. చెప్పడం మొదలుపెట్టాను. కొంతసేపటికి, చివరన కూర్చున్న ముసలామె వేళ్లు ఆగాయి.

ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చెప్పాను.