గురువారానికే అయిపోయిన స్నేహం

నా చిన్నప్పుడు మొయినాబాద్ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారుకు కంఠస్థం మీద నమ్మకం లేదు. క్రియ అంటే పని కదా, ఆ పని చెయ్యకుండా దాని అర్థం ఎట్లా తెలుస్తుందని ఆయన వాదన. అందుకని ఒక సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేసి, ప్రతి సోమవారం తలా ఒకటి తీయించేవారు. చీటీలో ఉన్న పనిని వారంలోపల చేసి, శనివారం లేచి నిలబడి మూడు ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పాలి. పని పూర్తయితే చీటీ తిరిగి డబ్బాలో వెయ్యాలి, కాకపోతే మన దగ్గరే ఉంచుకోవాలి. 'క్లైంబ్' వచ్చినవాడు విరామంలోనే గోడెక్కి దిగాడు. 'స్వీప్' వచ్చిన అమ్మాయి, ఊడ్చే పని తాను ఆరేళ్ళ వయసు నుంచీ చేస్తున్నదేనని, ఆ వారం సెలవు కావాలని అడిగింది.

ఎనిమిదో తరగతిలో ఒక సోమవారం నాకు 'బిఫ్రెండ్' వచ్చింది. నిఘంటువులో చూస్తే 'స్నేహం చేసుకొను' అని ఉంది. గోడ ఎక్కే శ్రమ కూడా లేదని సంతోషించాను.

ఎవరితో చేసుకోవాలన్నదాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఆ ఏడాదే ఆంధ్రా వైపు నుంచి ఒక కొత్తమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్నకు గండిపేట దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. బడికి రెండు వీధుల అవతల కిరాయికి దిగారు. మేము 'ఎట్ల' అనే చోట ఆమె 'ఎలా' అనేది, క్లాసంతా నవ్వేది. ఆ నవ్వును మొదలుపెట్టే బాధ్యత సాధారణంగా నేనే తీసుకునేదాన్ని. ఆమె చివరి బెంచీ మీద ఒక్కతే కూర్చునేది. పక్క ఖాళీలో ఆమె సంచీ కూర్చునేది.

పని పద్ధతిగా మొదలుపెట్టాను. సోమవారం నవ్వాను. మంగళవారం జామకాయలో సగమిచ్చాను. బుధవారం, ఆమె మాటకు ఇక ఎవరూ నవ్వరాదని క్లాసుకు చెప్పాను. నేను మానేశాక నవ్వడానికి ఎవరికీ ఆసక్తి లేకపోయింది, అది వేరే సంగతి. గురువారం సాయంత్రం చేవెళ్ళ రోడ్డు మీదున్న మా టమాటా తోటకు తీసుకుపోయాను. మా అవ్వ కొంగు ముడిలోంచి ఉప్పు తీసి ఇచ్చింది. చెట్టు మీది టమాటాను ఉప్పద్దుకుని తినడం ఆమెకు అదే మొదటిసారి.

అక్కడ గట్టు మీద కూర్చుని నాకొక సంగతి చెప్పింది. వాళ్ళ సొంతూళ్ళో ఉన్న అమ్మమ్మకు ఆమె వారం వారం కార్డు రాస్తుంది. కొత్త బడిలో స్నేహితులు దొరికారా అని అమ్మమ్మ ప్రతిసారీ అడుగుతుంది. అందుకని హాజరు పిలిచేటప్పుడు విన్న పేర్లలోంచి వారానికొకటి ఏరుకుని, ఆ అమ్మాయితో ఆడుకున్నానని రాస్తుందట.

"ఈ వారం అబద్ధం రాయక్కర్లేదు," అంది. ఆదివారం వాళ్ళింటికి భోజనానికి రమ్మంది.

ఆ మాటకు నాలో ఏదో కదిలిన మాట నిజం. కానీ దానికంటే ముందు, పని రెండు రోజులు ముందుగానే అయిపోయిందన్న సంతోషం కదిలింది.

శనివారం నా వంతు వచ్చింది. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. "ఐ బిఫ్రెండెడ్ ద న్యూ గర్ల్. షి వాజ్ అలోన్. ఐ ఫినిష్డ్ ఆన్ థర్స్‌డే." ఒంటరిగా ఉన్న కొత్తమ్మాయితో స్నేహం చేశాను, గురువారానికే ముగించాను అని. క్లాసు చప్పట్లు కొట్టింది. నేను చీటీని డబ్బాలో వేసి తిరిగి వస్తూ చివరి బెంచీ వైపు చూశాను. ఆమె జామెట్రీ డబ్బా మూత తీస్తూ, వేస్తూ, దాన్నే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సారు నాకు గుడ్ అనలేదు. ఆయన ఎవరినీ కొట్టేవారు కాదు. ఆ రోజు కొట్టి ఉంటే కొంత బాగుండేది.

ఆదివారం పొద్దున నాకు కడుపునొప్పి వచ్చింది. అవ్వ నా ముఖం చూసి, నొప్పి ఎక్కడుందో చూపించమంది. రెండు మూడు చోట్ల చూపించాక ఇక లాభం లేదని జరిగిందంతా చెప్పేశాను. అవ్వ గంపలోంచి టమాటాలు ఏరి సంచిలో వేసింది.

"సోమవారం మొదలువెట్టి గురువారం అయిపోతే అది సోపతి గాదు బిడ్డా, అంగడి బేరం," అంది. తర్వాత టమాటాల సంచి నా చేతిలో పెట్టి, "కడుపునొప్పుంటే తినకు. గని పో. పిలిచినోళ్ళు వండుకోని సూస్తుంటరు," అంది.

పోయాను. వాళ్ళమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, నా పేరు ఎంతో కాలంగా తెలిసినట్టు పిలిచింది. పప్పు, వంకాయ కూర, బూరెలు. కొత్తమ్మాయి నా పక్కనే కూర్చుని, నవ్వుతూ, ఇంకొకటి వేసుకో అంటూ బూరెలు వడ్డించింది. వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళగానే ఆ నవ్వు తీసేసి పక్కన పెట్టింది.

"అమ్మకు చెప్పలేదు. తినేసి వెళ్ళు," అంది, నా వైపు చూడకుండా.

వాళ్ళమ్మ నెయ్యి గిన్నెతో తిరిగి రాగానే మళ్ళీ నవ్వింది. నేను నాలుగు రోజులు చేసిన పనినే ఆమె నాకంటే బాగా చేస్తోంది. తేడా ఒక్కటే. నేను మార్కుల కోసం చేశాను, ఆమె వాళ్ళమ్మ బాధపడకూడదని చేస్తోంది. ఆ బూరెలు ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. నాలుగు తిన్నాను.

వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ గేటు దాకా వచ్చి, దారిలో పోస్టు డబ్బాలో వెయ్యమని, కూతురు అమ్మమ్మకు రాసిన కార్డు నాకిచ్చింది. "చదవాలనిపిస్తే చదువుకోమ్మా, కార్డే కదా," అంది. ఆమె అంతా తెలిసే ఇచ్చిందని నాకు అర్థం కావడానికి, నాకూ ఒక కూతురు పుట్టి, బడి నుంచి ఎర్రబడ్డ చెవులతో ఇంటికి రావలసి వచ్చింది.

కార్డు మీద శనివారం తేదీ ఉంది. అంటే బడి నుంచి వచ్చాక రాసింది. అందులో నా పేరు ఇంటిపేరుతో సహా ఉంది. 'వాళ్ళ తోటలో టమాటాలు కోసుకుని తిన్నాం అమ్మమ్మా. బళ్ళో తను రోజూ నా పక్కనే కూర్చుంటుంది,' అని రాసింది. మొదటి వాక్యం నిజం. రెండోది హాజరు పట్టీలోంచి ఏరుకున్న మిగతా పేర్ల లాంటిదే. అబద్ధం రాయనక్కర్లేదని సంబరపడ్డ పిల్ల మళ్ళీ అబద్ధమే రాసింది, ఈసారి ఆ అబద్ధం నేను. ఎర్ర డబ్బా ముందు చాలాసేపు నిలబడి, కార్డు లోపల వేశాను.

సోమవారం చీటీలు తీసేటప్పుడు నేను డబ్బాలో వెతికి పాత చీటీయే తీశాను. వెతకడం నియమాలకు విరుద్ధం. సారు చూశారు.

"అది అయిపోయిందన్నవ్ గదా," అన్నారు.

"కాలేదు సార్."

"ఎప్పటికైతది?"

"తెల్వది సార్."

"ఇప్పుడు జర అర్థమైనట్టున్నది. కూసో," అన్నారు.

నేను నా చోటికి పోకుండా చివరి బెంచీ దగ్గరకు పోయాను. ఆమె నా వైపు చూడకుండానే, "ఈ వారం నీకు ఏ మాట వచ్చింది?" అని అడిగింది. జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అంత నిదానంగా ఎవరూ అనలేదు. చీటీ చూపించాను. ఆమె చదివి, నా చేతిలోనే పెట్టింది. సంచీ మాత్రం పక్కకు తియ్యలేదు.

బెంచీ అంచు మీద సగం కూర్చుని ఆ చలికాలమంతా గడిపాను. నడుం నొప్పి అప్పుడే మొదలైందని మా ఇంట్లో చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. క్షమాపణ లాంటివి ఇంగ్లీషులోగానీ తెలుగులోగానీ నాకు నోరు తిరగలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు వచ్చి చూస్తే సంచీ నేల మీద ఉంది. లెక్కల సారు వచ్చేలోపల పూర్తిగా కూర్చున్నాను.

ఆమె ఇప్పుడు గండిపేటలో ఉంటుంది. మా అమ్మాయి పెళ్ళికి ముందు రోజే వచ్చి, అందరికంటే చివర వెళ్ళింది. వారానికి రెండు మూడుసార్లు ఫోను చేస్తుంది. ఆ శనివారం ఆమెకు గుర్తుందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు, అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు. గురువారాల్లో మాత్రం ఆమె ఫోను రాదు. అది పూజ వల్ల కావచ్చు.

చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. పని కాకపోతే మన దగ్గరే ఉంచుకోవాలని కదా నియమం. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించాను. గురువారం పొద్దున ఒకసారి తీసి చూసుకుని, నేనే ఆమెకు ఫోను చేస్తాను.