పెనుకొండ మలుపులో ఎక్కిన గాలి

నా కారు విషయమై నేను అనుభవించిన అన్యాయాలు, దానిని నాకు అమ్మిన పెద్దమనిషికి సమర్పించుటకై నోటుపుస్తకంలో రాసుకున్న క్రమంలో:

ఆషాఢం, మొదటి సోమవారం. ధర్మవరం నుండి హిందూపురం పోవుచుండగా, పెనుకొండ దాటి రోడ్డు ఎత్తెక్కే మలుపులో కారు వెనుక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మలుపు దాటగానే మాయం.

అదే వారం, గురువారం. అదే మలుపు, అదే వాసన. దిగి వెదకగా చుట్టుపక్కల చచ్చిన ఎలుక కూడా లేదు.

రెండవ సోమవారం. వాసనతోపాటు కారుకు ఆయాసం. వెనుక ఎవరో పట్టుకొని లాగుచున్నట్టు నడక.

రెండవ గురువారం. మా అవ్వను ఎక్కించుకొని పోగా, ఆమె ఆ మలుపులో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఎక్కినాడు" అన్నది. ఎవరని అడిగితే, "ముందు బండి పోనీ" అన్నది.

ఆ రోజుల్లో, కాగితం మీద పెట్టిన అన్యాయానికి సగం న్యాయం జరిగినట్టేనని నా గట్టి నమ్మకం. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. మగ్గాల ఇంట్లో పుట్టి, మా వంశంలో మొట్టమొదటి కారు (సెకండ్ హ్యాండుదే, అయినా కారే కదా) కొన్నవాణ్ణి. పట్టు కొనడానికి ప్రతి సోమ, గురువారాలు హిందూపురం పోయేవాణ్ణి. నా భార్య కాన్పుకు అదే ఊళ్ళోని పుట్టింటికి వెళ్ళి ఉన్నది. శ్రావణమాసపు తొలి శుక్రవారం నాడు ఆమెను, మూడు నెలల పాపను సొంత కారులో ఇంటికి తీసుకురావాలన్నది నా ఒకే ఒక కోరిక. దానికి అవ్వ అడ్డం పడింది.

"ఆ బండ్లో గాలి ఉండాది రా. పసిబిడ్డను దాంట్లో ఎక్కిచ్చేది లేదు. బస్సులో పిల్చకరాపో."

(మా వైపు దయ్యాన్ని పేరు పెట్టి పిలవరు, గాలి అంటారు. పేరు పెడితే పలుకుతుందని భయం.)

"గాలీ లేదు, గీలీ లేదు అవ్వా. పొగగొట్టం రిపేరు, అంతే."

"రిపేరయితే దావంతా కంపు కొట్టల్ల. ఆ మలుపులోనే యాల కొడ్తాది? మీ తాత ఎద్దులబండ్లో పట్టు తెచ్చేప్పుడు ఆడ దిగి నడుస్తాండె. నీకు రాసుకునేది వచ్చు గానీ, భయపడేది రాదు."

భయపడడం కూడా వచ్చునని మూడవ సోమవారం రుజువైంది. పరిశోధన నిమిత్తం మిట్టమధ్యాహ్నం ఆ మలుపులో కారు నిలిపి, ఇంజను ఆపకుండా దిగాను. కొండమీది బురుజులు తెల్లటి ఎండలో కదులుతున్నట్టున్నాయి. ఆకు ఆడడం లేదు, పక్షి కూయడం లేదు. వాసన మాత్రం కారు వెనుక నుండి మెల్లగా లేచి వచ్చి నా పక్కన నిలిచింది. నేను నడిస్తే నడిచింది. నేను ఆగితే ఆగింది. ఈ సంగతి అక్కడే పుస్తకంలో రాశాను గాని, ఆ నాలుగు పంక్తులు ఈనాటికీ నేనే చదవలేను.

ఆషాఢం చివరి గురువారం నాడు, తెల్లవారితే ఆ శ్రావణ శుక్రవారమనగా, ఫిర్యాదుపత్రం జేబులో పెట్టుకొని హిందూపురం చేరాను. కారు అమ్మిన పెద్దమనిషి ఇంటికి పోకముందు, సాక్ష్యం బలంగా ఉంటుందని ఒక మెకానిక్కుకు చూపించాను. ఆయన పొగగొట్టం దగ్గర కూర్చొని ఒకసారి ముక్కు ఎగబీల్చి, నిమ్మళంగా అన్నాడు.

"గాలి సార్ ఇది."

నేను పొగగొట్టం నుండి రెండడుగులు వెనక్కు జరిగాను. "మీకూ తెలిసిందా?"

"తెలీకేమప్పా! గాలి ఆడ్తాండ్లా ఇంజనుకు. గాలి చాలకపోతే పెట్రోలు సగమే కాల్తాది. మిగిలింది పొగగొట్టంలో పోయి ఇట్ల కుళ్ళిన గుడ్డు కంపు కొడ్తాది. ఎత్తెక్కేప్పుడు ఇంకా జాస్తి. కొన్న దినం కొట్టిందా?"

పుస్తకం తెరిచాను. కొన్న శనివారం నాడు దారిలోని ఎత్తులన్నీ ఎక్కి, అదే మలుపు దాటి ఇంటికి వచ్చాను. అన్యాయమేదీ నమోదు కాలేదు. ఆదివారం పుట ఖాళీ. సోమవారం నుండి వాసన.

"ఆదివారం ఏం చేస్తిరి?"

జ్ఞాపకం వచ్చి పుస్తకం మూసేశాను. ఆదివారం నాడు గొప్పకోసం బానెట్టు ఎత్తి, అవ్వకు కారు అంగాంగమూ వివరించాను. "ఇదే దీని ముక్కు అవ్వా. గాలి ఈడనుంచే లోపలికి పోతాది" అని వేలు పెట్టి చూపించినవాణ్ణి నేనే.

మెకానిక్కు ఆ ముక్కులో చెయ్యి పెట్టి ఒక మూట లాగాడు. ఎర్రపట్టు గుడ్డ, లోపల వేపాకు, ఉప్పు, విభూది. ఆ ముడి మా అవ్వ తప్ప ఇంకెవరూ వేయలేరు. పెనుకొండ మలుపులో గాలి లోపలికి దూరకుండా ఆమె ముందుజాగ్రత్తగా చేసిన ఏర్పాటు అది!

"మీ గాలిని పట్టేసినాం, తీస్కోండి సార్" అని నవ్వుతూ మూట నా చేతిలో పెట్టాడు. ఫిర్యాదుపత్రం జేబులోనే ఉండిపోయింది.

సాయంత్రం మూటను అవ్వ ముందు పెట్టాను. రోడ్డు దుమ్ముతో అది నల్లబడి ఉన్నది. నేను నోరు తెరవకముందే ఆమె కళ్ళు మెరిశాయి.

"చూస్తివా, ఎంత మింగిండాదో! దీంట్లో చిక్కినాడు. ఇంగ భయంల్యా, పాపను పిల్చకరాపో."

న్యాయంగా మాట్లాడవలసిన సమయం అదే. కాని నిజం చెబితే బిడ్డ బస్సులో రావాలి. "అవునవ్వా, చిక్కినాడు" అన్నాను. (ఆ పంక్తి పుస్తకంలో రాయలేదు.)

శుక్రవారం పోయేటప్పుడు మలుపులో కారు సులువుగా ఎక్కింది. వాసన లేదు. తిరిగి వచ్చేటప్పుడు అదే మలుపులో, అప్పటిదాకా ఏడుస్తున్న పాప ఉన్నట్టుండి ఊరుకొని, ఎవరూ లేని ఎడమపక్క బండవైపు మెడ తిప్పి, కిలకిలా నవ్వింది.

"ఎవురిని చూసి నవ్వుతాంది?" అన్నది నా భార్య.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కారు నడిపేది ఆ పాపే. ఆ మలుపు రాగానే నేను అద్దం దించి వాసన చూస్తాను. "నాయనా, మళ్ళా మొదలుపెట్టినావా?" అని నవ్వుతుంది. అన్ని ఫిర్యాదులూ కొట్టివేసిన ఆ పుస్తకంలో ఒక్కటి మాత్రం మిగిలి ఉన్నది.

కావున పెనుకొండ మలుపులో నివసించు వారికి తెలియజేయునది ఏమనగా: ఆ శ్రావణ శుక్రవారం నాడు మా బిడ్డను నవ్వించినది ఎవరో, ఏ ఉద్దేశముతోనో, పదునైదు దినములలోగా లిఖితపూర్వకముగా జవాబు ఇవ్వవలసినది. జవాబు మా అవ్వ చేత పంపినను అంగీకరించబడును. ఆమెకు రాయుట రాదు గనుక, వేలిముద్ర చాలును.