నేను కాల్చేసిన ఆస్ట్రేలియా

మాది అన్నమయ్య జిల్లా. కువైట్‌లో, జాబ్రియాలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఆ ఇంట్లో చేరిన కొత్తలో ఒకరోజు, వంటింట్లో గుడ్డ కప్పిన పిండి కనిపించింది. ఒక పక్కంతా బొడిపెలు. మేం మామా అని పిలిచే మా యజమానురాలు సరిగ్గా పిసకలేదనుకుని, మళ్లీ పిసికి రొట్టెలు కాల్చేశాను.

ముక్క నోట్లో పెట్టుకోగానే మామా తుపుక్కున ఊసేసింది. ఒకటే ఉప్పు! అంతలో ఆమె కూతురు నూరా, "నా ఆస్ట్రేలియా ఏదీ?" అని ఏడుస్తూ వచ్చింది. మర్నాడు బడిలో చూపించడానికి ఉప్పుపిండితో చేసిన పటమట! పని పోయినట్టే అనుకున్నా.

మామా పిండి డబ్బా నా ముందు పెట్టి, "యల్లా, కానివ్వండి, ఇద్దరూ కలిసి మళ్లీ చెయ్యండి" అంది.

నూరా చెప్పినట్టే చుట్టూ సముద్రానికి నీలం పూసి, తూర్పున కొండలు నిలబెట్టాను. నడుమంతా ఎర్రరంగు వెయ్యమంది.

"ఎందుకు?"

"సముద్రం మీది మబ్బులు కొండల దగ్గరే కురిసేస్తాయి. లోపలికి వాన రాదు."

"మా ఊరికీ అంతే తల్లీ" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

నూరా ఆ ఎర్రనేలలో ఒక మెంతిగింజ గుచ్చింది. మర్నాడు బడిలో అదేమిటని టీచర్ అడిగితే, "మా రమణమ్మ వాళ్ల ఊరు" అందట.

ఆస్ట్రేలియా ఏ దిక్కునుందో నాకిప్పటికీ తెలీదు. మా ఊరు మాత్రం ఒకరోజు అక్కడుంది.

– రమణమ్మ, కువైట్